మా అపార్ట్‌మెంట్ కమిటీకి బహిరంగ లేఖ: నా కుక్కకి స్పెషల్ పర్మిషన్ వద్దు

ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, కమిటీ మెంబర్లకి, ఇంకా మన మూడు బ్లాకుల్లో ఉండే అందరికీ నమస్కారం.

ఆదివారం జనరల్ బాడీలో పెట్టబోయే తీర్మానం లిఫ్ట్ పక్కన బోర్డు మీద అంటించారు కదా, చదివాను. ఇకమీదట ఫ్లాట్లలో కుక్కల్ని పెంచకూడదు, ఇప్పటికే ఉన్నవాళ్ళు మూడు నెలల్లో వేరే ఏర్పాటు చేసుకోవాలి, ఈలోపు వాటిని లిఫ్ట్‌లో ఎక్కించకూడదు. అదంతా ఒక ఎత్తు, దాని కింద చిన్నక్షరాల్లో ఉన్న లైను ఒక్కటీ ఒక ఎత్తు. దేశ సేవలో గాయపడిన మాజీ సైనికుడు కాబట్టి ఏ బ్లాక్ నాలుగో ఫ్లోర్ వారికి మాత్రం మినహాయింపు, సపోర్ట్ డాగ్ సర్టిఫికెట్ ఇచ్చిన మీదట, అని. నా మీద గౌరవంతోనే రాశారు, తెలుసు, ప్రెసిడెంట్ గారు నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు కూడా "మీకేం ఇబ్బంది లేకుండా చూశాం సార్" అని. కానీ ఆ లైను తీసేయండి. నాకు ఆ మినహాయింపు వద్దు. ఎందుకు వద్దో మీటింగ్‌లో చెప్పొచ్చు కానీ అంతసేపు మైకు పట్టుకుని నిలబడటం నా వల్ల కాదు, పైగా మన మీటింగుల్లో ఏ టాపిక్ మొదలెట్టినా రెండో నిమిషానికి వాటర్ ట్యాంకర్ బిల్లు మీదకి వెళ్ళిపోతుంది, అందుకే రాస్తున్నా.

ముందు ఆ సర్టిఫికెట్ సంగతి. నేను మద్రాస్ సాపర్స్‌లో చేశాను, బెంగళూరులో అల్సూర్ చెరువు దగ్గర మా సెంటర్. సాపర్ అంటే బ్రిడ్జిలు వేసేవాడు, రోడ్లు వేసేవాడు, మైన్లు పెట్టేవాడు, తీసేవాడు. కాబట్టి డ్యూటీ చేసే కుక్క అంటే ఏంటో నాకు బాగా తెలుసు. మీరట్‌లో రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ (ఆర్మీలో జంతువుల్ని చూసే విభాగం) వాళ్ళ దగ్గర ట్రైనింగ్ అయి వచ్చిన లాబ్రడార్లు మా ముందు నడిచేవి. మందుపాతర వాసన తగిలితే ఆ కుక్క అరవదు, నేల గీకదు, చప్పుడు చెయ్యకుండా అక్కడే కూర్చుంటుంది అంతే, హ్యాండ్లర్ చెయ్యి పైకి లేస్తుంది, వెనకాల వస్తున్న మా అందరి కాళ్ళూ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. 2022లో అనంతనాగ్‌లో రెండు తూటాలు తగిలి చనిపోయిన ఆర్మీ కుక్క జూమ్, 2023లో రాజౌరిలో హ్యాండ్లర్‌కి అడ్డంగా వెళ్ళి ప్రాణం వదిలిన కెంట్, ఇవి పేపర్లలో మీరూ చదివే ఉంటారు. అవీ సర్వీస్ డాగ్స్ అంటే. (అలాంటి కుక్కల్ని కూడా ఒకప్పుడు సర్వీసు అయిపోగానే ఇంజెక్షన్ ఇచ్చి చంపేసేవాళ్ళు, 2015లో ఆ సంగతి బయటికొచ్చి గొడవయ్యాక ఇప్పుడు దత్తతకి ఇస్తున్నారు. ఆ మార్పు రావడానికి ఇంత టైమ్ ఎందుకు పట్టిందో నాకిప్పటికీ అర్థం కాదు, సరే అది వేరే విషయం.)

మా బూరె అలాంటిది కాదు. షెల్టర్‌లో దాని పేరు బ్రౌనీ, రంగు చూసి మా ఆవిడ బూరె అంది, అదే ఉండిపోయింది. అచ్చమైన ఊరకుక్క. కూర్చో అంటే చేతిలో బిస్కెట్ ఉందో లేదో చూసి అప్పుడు ఆలోచిస్తుంది. దానికి ఏ ట్రైనింగూ లేదు, ఏ సర్టిఫికెట్టూ లేదు. కావాలంటే నేను రేపే తెచ్చి ఇవ్వగలను, ఆన్‌లైన్‌లో కుక్క ఫోటో పంపి డబ్బులు కడితే ఎమోషనల్ సపోర్ట్ డాగ్ అని కార్డు లామినేట్ చేసి పంపిస్తారు, ఎర్ర జాకెట్ ఎక్స్‌ట్రా. ఆ కార్డుకి మన దేశంలో చిత్తు కాగితం విలువ కూడా లేదు, ఎందుకంటే ఇక్కడ సపోర్ట్ డాగ్స్‌కి గవర్నమెంట్ రిజిస్టర్ అంటూ ఏదీ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, నా కాలూ అందులో ఉంది, మానసిక అనారోగ్యమూ ఉంది, మనిషి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చెయ్యాలనీ ఉంది, కుక్క గురించి మాత్రం లేదు. అమెరికాలో పరిస్థితి వేరు, అక్కడ పని నేర్చుకున్న సర్వీస్ డాగ్ వేరు, తోడుగా ఉండే సపోర్ట్ డాగ్ వేరు అని చట్టంలోనే గీత గీశారు, 2021లో అయితే పీటీఎస్‌డీ (ప్రాణం మీదకి వచ్చిన అనుభవం తర్వాత మనసుని వదలని జబ్బు) ఉన్న మాజీ సైనికుల కోసమే పాజ్ (PAWS) యాక్ట్ అని ఒక చట్టం తెచ్చి, కుక్కలకి ట్రైనింగ్ ఇచ్చే పనినే వాళ్ళకి ప్రయోగాత్మకంగా వైద్యంగా పెట్టారు. మనకి అవేమీ లేనప్పుడు లేని కాగితం నన్ను అడగటం, నేను దొంగ కాగితం తేవడం, మీరు దాన్ని ఫైల్లో పెట్టుకోవడం, ఇదంతా ఎందుకు చెప్పండి.

మరి బూరె నాకు చేసిందేంటి అని అడుగుతారు. చెప్తా, ఇది మా ఇంట్లో వాళ్ళకి తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఎల్‌ఓసీ దగ్గర కొండల్లో మైన్లు పెట్టిన చోట ఉండవు. వానలకి, మంచు కరిగిన నీళ్ళకి మట్టి జారి వాటితోపాటే కిందకి వచ్చేస్తాయి, మ్యాప్‌లో ఒకచోట ఉంటుంది, నేలలో ఇంకోచోట ఉంటుంది. నా కాలు పడింది అలా జారొచ్చిన దాని మీదే. మోకాలి కింద నుంచి తీసేశారు. తర్వాత పుణేలో ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌లో కొత్త కాలు పెట్టి నడక నేర్పి పంపించారు, మెడికల్ బోర్డ్ అయింది, పెన్షన్ వచ్చింది, అల్వాల్ వైపు మనోళ్ళు చాలామంది ఉన్నారని ఇక్కడ ఫ్లాట్ తీసుకున్నాం. కాలు లేదన్నది అందరికీ కనపడుతుంది. కనపడనిది ఏంటంటే నేను మట్టి మీద అడుగు పెట్టలేను. టైల్స్, సిమెంట్, తారు రోడ్డు, ఏదైనా నడుస్తా. గడ్డి, కచ్చా నేల, ఎండుటాకులు పడి కింద ఏముందో కనపడని చోటు, అక్కడ మాత్రం ఒళ్ళు బిగుసుకుపోతుంది, అరచేతులు తడిసిపోతాయి, ముందుకీ వెళ్ళలేను వెనక్కీ రాలేను. నేను పొద్దున పార్కు చుట్టూ టైల్స్ మీదే రౌండ్లు కొట్టడం చూసి మీరందరూ కాలు వల్ల అనుకునేవాళ్ళు, నేనూ అనుకోనిచ్చాను. గిద్దలూరు అవతల మా ఊర్లో మా నాన్న పోయినప్పుడు పొలం దాకా మా బామ్మర్ది బండి మీద తీసుకెళ్ళాడు, అందరూ దిగారు, నేను బండి మీదే కూర్చున్నాను. కొడుకు చెయ్యాల్సినవి మా తమ్ముడు చేశాడు. ఊర్లో వాళ్ళు కాలు లేదు పాపం అనుకున్నారు.

మందులు వాడాను, ఇప్పటికీ వాడుతున్నా. మిలటరీ హాస్పిటల్‌లో డాక్టర్ గారు మంచాయన, కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవాలి, పెరట్లో కుండీ మట్టి మీద ముందు అరికాలు ఆనించండి అని చెప్పేవారు. నాలుగో ఫ్లోర్‌లో నాకు పెరడెక్కడిది.

కుక్కని తెచ్చుకుందాం అన్నది మా అమ్మాయి. డిగ్రీకి హాస్టల్‌కి వెళ్తూ అమ్మ డ్యూటీకి పోయాక నాన్న ఒక్కడే గోడలు చూస్తూ కూర్చుంటాడు అని దాని దిగులు. కుక్కపిల్ల నా వల్ల కాదన్నాను, పిల్లయితే పరుగులు, కొరుకుళ్ళు, రాత్రి నేను తీసి మంచం పక్కన పెట్టే లైనర్, అదే పెట్టుడు కాలు లోపల వేసుకునే మెత్తటి తొడుగు, కొరికిందంటే ఇంక నా పని అయిపోయినట్టే. పెద్ద కుక్క కావాలన్నాం. షెల్టర్ వాళ్ళు నమ్మలేదు ముందు, ఎందుకంటే వచ్చేవాళ్ళంతా పిల్లల్నో, ఎవరో వదిలేసిన లాబ్రడార్‌నో అడుగుతారట, నాలుగైదేళ్ళ ఊరకుక్కని అడిగేవాడే ఉండడట. ఫినాయిల్ వాసన, జాలీ మీదకి ఎగిరి అరిచేవి కొన్ని, చెయ్యి పెడితే నాకేవి కొన్ని, చివరి గదిలో నీళ్ళ తొట్టి వెనకాల గోడవైపు తిరిగి ఒకటి పడుకుని ఉంది. చెవి కొన కత్తిరించి ఉంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిందని గుర్తు. టిక్ ఫీవర్ వచ్చి తగ్గిందని చెప్పారు. మా దగ్గర ఆధార్ తీసుకున్నారు, సొంతిల్లా అద్దా అడిగారు, మీరు హాస్పిటల్‌లో ఉంటే దీన్ని ఎవరు చూస్తారు అని అడిగారు, ఇంటికొచ్చి బాల్కనీ గ్రిల్ చూసి వెళ్ళారు. పెళ్ళిచూపుల్లో కూడా మా మామగారు నన్ను అన్ని ప్రశ్నలు అడగలేదు.

తెచ్చుకున్నాక అసలు సమస్య మొదలైంది. బూరె టైల్స్ మీద పోసుకోదు. చచ్చినా పోసుకోదు. దానికి గడ్డి కావాలి. నేను టైల్స్ అంచున నిలబడి తాడు వదులు చేస్తా, అది తాడు ఉన్నంత దూరం వెళ్ళి ఆగి వెనక్కి తిరిగి చూస్తుంది, నాలుగడుగులు ఇంకా అవతలికి కావాలి దానికి, వాసన అక్కడుంది. ఎడమ చేతిలో తాడు, కుడి చేతిలో కర్ర. చాలా రోజులు అలా అంచునే గడిచిపోయాయి. ఒకరోజు వాన పడి వెలిసింది, పార్కులో ఎవరూ లేరు, అది అటు లాగుతోంది, నేను పెట్టుడు కాలు ముందు గడ్డి మీద పెట్టాను, ఇది పోయినా ఇంకోటి ఇస్తారులే అనుకుని. ఏమీ కాలేదు. అది ఇంకా లాగింది. కర్ర గట్టిగా గుచ్చి రెండో కాలు, అసలు కాలు, పెట్టాను. చెప్పులోకి తడి తగిలింది. బూరె ఇదేమీ పట్టించుకోలేదు, దాని పని అది చూసుకుంది, మట్టి వెనక్కి నా ప్యాంటు మీదకి ఎగజిమ్మింది. ఇప్పుడు బాదం చెట్టు దాకా వెళ్తున్నాం. ఆకులు రాలే రోజుల్లో ఇంకా కష్టమే, కర్రతో ఆకులు పక్కకి జరిపి చూసుకుని అడుగేస్తా. సంక్రాంతికి ఊరెళ్ళి పొలంలో దిగాలని ఉంది, చూద్దాం.

డాక్టర్ గారికి చెప్తే నవ్వారు, మాత్రలు మాత్రం ఆపొద్దన్నారు. కుక్క మందు కాదు, నాకు తెలుసు. రాత్రిళ్ళు లేని పాదంలో మంట పుడుతుంది ఇప్పటికీ, బూరె వచ్చాక అదేమీ పోలేదు. ఆ టైమ్‌లో ఇంట్లో ఇంకొకరు కూడా మేలుకుని ఉంటున్నారు, అంతవరకే.

ఇదంతా చదివి "అయ్యో, అందుకే కదా సార్ మీకు ఎగ్జెంప్షన్ ఇచ్చాం" అంటారని తెలుసు. అక్కడే వస్తుంది పేచీ. బీ బ్లాక్ మూడో ఫ్లోర్ పెద్దమ్మ గారి సంగతేంటి? భర్త పోయారు, పిల్లలిద్దరూ డల్లాస్‌లో, ఆవిడ రోజంతా మాట్లాడేది ఆ పొమేరియన్‌తోనే. ఆవిడ ఏ బోర్డర్‌లోనూ డ్యూటీ చెయ్యలేదు కాబట్టి ఆ కుక్క మూడు నెలల్లో వెళ్ళిపోవాలా? సీ బ్లాక్‌లో ఆ సాఫ్ట్‌వేర్ పిల్లలు రోడ్డు మీద బండి గుద్దిన కుక్కని తెచ్చి బాగుచేసుకున్నారు, వాళ్ళకి ఏ సర్టిఫికెట్ రాయాలి? నా కాలు చూపించి నా కుక్కని ఉంచి, వాళ్ళ కుక్కల్ని బయటికి పంపితే రేపు లిఫ్ట్‌లో ఆ పెద్దమ్మ గారి మొహం నేనెలా చూడాలి. ఇంకోటి, ఇవాళ మీరు దయతో ఇచ్చింది రేపు ఇంకో కమిటీ వచ్చి తీసేస్తే నేనెవరిని అడగను? హక్కయితే అడగొచ్చు.

హక్కే. యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ ఆఫ్ ఇండియా 2015లో ఇచ్చిన సర్క్యులర్ ఉంది, అందులో చాలా స్పష్టంగా ఉంది, జనరల్ బాడీలో అందరూ ఒప్పుకున్నా సరే అసోసియేషన్లు పెంపుడు జంతువుల్ని నిషేధించే రూల్ పెట్టలేవు, మొరుగుతోంది అన్న కారణంతో తీసేయమనలేవు, లిఫ్ట్ వాడొద్దనలేవు, లిఫ్ట్‌కి ఎక్స్‌ట్రా చార్జీ వెయ్యలేవు. 2021లో కేరళ హైకోర్టు కూడా పెట్స్ పెంచకూడదని అసోసియేషన్లు పెట్టే బైలాస్ చెల్లవని తీర్పిచ్చింది. ఇంక "మూడు నెలల్లో వేరే ఏర్పాటు" అన్నారు చూడండి, ఆ ఏర్పాటు అంటే ఏంటో మనందరికీ తెలుసు, రాత్రి కారులో ఎక్కించి శామీర్‌పేట అవతల దించేసి రావడం. పెంచుకున్న జంతువుని అలా వదిలేయడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మన అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద జనాన్ని ఆ పనికి పురమాయించే కాగితం అది, ఎవరైనా కోర్టుకి తీసుకెళ్తే సంతకం పెట్టిన సెక్రటరీ గారు తిరగాలి, పాపం ఆయనకి బీపీ.

లిఫ్ట్ గురించి ఒక మాట. పెట్టుడు కాలుతో మెట్లు ఎక్కడం ఫర్వాలేదు, దిగడమే కష్టం, మన పాదం చీలమండ దగ్గర వంగుతుంది, ఆ పాదం వంగదు, బరువంతా ఒక్కసారిగా మోకాలి మీద పడుతుంది. ఎండాకాలం అయితే లైనర్‌లో చెమట పట్టి జారుతుంది. చేతిలో తాడు పట్టుకుని నాలుగు ఫ్లోర్లు దిగమంటే అయ్యే పని కాదు. మినహాయింపు ఇచ్చారు కానీ లిఫ్ట్ లైనులో నా పేరు లేదు, ఎవరూ గమనించినట్టు లేరు.

ఇప్పుడు రెండో వైపు. కుక్కలంటే భయపడేవాళ్ళని నేను తప్పు పట్టను. 2023లో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాడిని వీధికుక్కలు చంపేసిన ఆ సీసీటీవీ వీడియో చూసిన ఏ తల్లికైనా కుక్క కనపడితే గుండె ఆగుతుంది. రేబిస్ వచ్చిందంటే మనిషి బతకడం దాదాపు లేనట్టే. ఏ బ్లాక్ ఫస్ట్ ఫ్లోర్ పాప బూరెని చూస్తే వాళ్ళమ్మ వెనకాల దాక్కుంటుంది, అందుకే ఆ పాప లిఫ్ట్‌లో ఉంటే నేను ఆగి తర్వాత ట్రిప్పులో వెళ్తా, అదేం పెద్ద కష్టం కాదు. కానీ గేటు బయట తిరిగే కుక్కల మీద ఉన్న భయాన్ని తెచ్చి, తాడు కట్టి తిప్పే, ఏటా ఇంజెక్షన్ వేయించే కుక్క మీద తీర్చుకుంటే గేటు బయట కుక్క ఒక్కటి కూడా తగ్గదు. ఇంకా పెరుగుతాయి, మనం వదిలేసినవి కూడా వాటితో కలుస్తాయి కాబట్టి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కల కేసులో ఏం చెప్పింది, వీధికుక్కల్ని దత్తత తీసుకోవాలనుకునేవాళ్ళు మున్సిపాలిటీకి అప్లై చేసుకోవచ్చు, తీసుకున్నాక అవి మళ్ళీ రోడ్డు మీదకి రాకుండా చూసే బాధ్యత వాళ్ళదే అని. కోర్టు ఇంట్లోకి తీసుకెళ్ళండి అంటుంటే మనం ఇంట్లోవాటిని రోడ్డు మీదకి పంపుదామని తీర్మానం పెట్టుకుంటున్నాం.

కాబట్టి తీర్మానం వద్దనడం లేదు, తిరగరాయండి. కామన్ ఏరియాలో తాడు లేకుండా ఏ కుక్కా కనపడకూడదు, నాది సహా. ప్రతి సంవత్సరం యాంటీ రేబిస్ వేయించిన కార్డు జిరాక్స్ ఆఫీసులో ఇవ్వాలి. పార్కులో పిల్లలు ఆడుకునే సాయంత్రం టైమ్ వదిలేసి పొద్దున, రాత్రి కుక్కలకి టైమ్ పెట్టుకుందాం, అది కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోతుంది. ఎవరి కుక్క చేసింది వాళ్ళు ఎత్తాలి. దీనికి ఫైన్ వేసే అధికారం అసోసియేషన్‌కి లేదని ఆ సర్క్యులర్‌లోనే ఉంది, అయినా బూరెది నేను ఎత్తకుండా వెళ్ళినట్టు కెమెరాలో దొరికితే మీరెంత వేస్తే అంత కడతా, రాసిస్తా. వాచ్‌మన్‌కి మాత్రం ఆ పని చెప్పొద్దు, అతనికి ఇచ్చే జీతానికి ఇప్పటికే ముగ్గురు మనుషుల పని చేస్తున్నాడు. గేటు బయట ఉన్నవాటి సంగతి, వాటికి ఆపరేషన్, ఇంజెక్షన్ చేయించి అదే చోట వదలాలని 2023 ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) రూల్స్ చెప్తున్నాయి, మున్సిపల్ కార్పొరేషన్‌కి అసోసియేషన్ తరఫున కంప్లయింట్ రాస్తే వాళ్ళొచ్చి పట్టుకెళ్తారు, ఆ ఉత్తరం నేనే రాసి తెస్తా, సంతకం, స్టాంపు మీది.

సర్క్యులర్ కాపీ, కేరళ తీర్పు కాపీ సెక్రటరీ గారి ఇంట్లో ఇచ్చాను, ఆదివారం లోపు ఎవరు అడిగినా చూపిస్తానన్నారు. మీటింగ్‌కి నేను వస్తాను, బూరె రాదు. నాకు ముందు వరసలో ఒక కుర్చీ వేయించండి చాలు.

శనివారం పొద్దున పదింటికి వెటర్నరీ డాక్టర్ మన స్టిల్ట్ పార్కింగ్‌కి వస్తున్నారు, బూరెకీ, పెద్దమ్మ గారి పొమేరియన్‌కీ ఈ ఏడాది రేబిస్ ఇంజెక్షన్ డ్యూ. ఇంకెవరి కుక్కకైనా వేయించాలంటే శుక్రవారం సాయంత్రం లోపు నాకో మాట చెప్పండి, ఆయన ఇంజెక్షన్లు లెక్క చూసుకుని తెచ్చుకోవాలి.

ఇట్లు,
ఏ బ్లాక్, నాలుగో ఫ్లోర్